వర్షాభువు వెల

అమరసింహుడు కప్పకు ఆరు పేర్లు చెప్పాడు. వానిలో 'వర్షాభువు' అంటే నాకు మిక్కిలి ఇష్టం. వానతో పుట్టునది అని అర్థం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల వెంట వరిచేలు పరచుకొన్న మా గోదావరి సీమలో ఆ పేరుకు వ్యాఖ్యానం అక్కరలేదు. బడిలో ఈ పదం చెప్పినప్పుడల్లా పిల్లలు చేలవైపు చూసేవారు.

ఈ ప్రాణికి ఒకప్పుడు విదేశాలలో వెల పలికింది. ఫ్రాన్సు, బెల్జియం వంటి దేశాల భోజనశాలల కోసం మన దేశం నుండి కప్పకాళ్లను గడ్డకట్టించి ఓడలకెక్కించేవారు. 1980 దశకం మొదట్లో ఈ ఎగుమతి ఏడాదికి వేల టన్నులు. కాళ్లకే గిరాకీ, తక్కిన దేహం వ్యర్థం. 1985లో బోదురుకప్పను అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం, అనగా సైటీస్, రెండవ అనుబంధంలో చేర్చారు. 1987లో మన ప్రభుత్వం ఎగుమతినే నిషేధించింది. పురుగును తినే జీవి తరిగితే పురుగుమందు ఖర్చు పెరుగుతుందన్న లెక్క కూడా ఆ నిషేధం వెనుక ఉన్నది.

గిరాకీ మాత్రం చావలేదు. అది బంగ్లాదేశ్‌కు, ఇండోనేషియాకు మళ్లింది. ప్రాణుల బేరం పిమ్మట అంతర్జాలానికీ ఎక్కింది. కోరిన జాతి అమ్మకానికి రాగానే ఈ-లేఖ అందేట్టు నేడు ఏర్పాటు చేసుకోవచ్చు. రాయలసీమ మెట్టలలో తిరిగే నక్షత్ర తాబేలును 2019లో సైటీస్ మొదటి అనుబంధానికి మార్చారు. కొనేవాడికి కబురు చేర్చే ఏర్పాటే కాపలాదారుకూ పనికిరావాలని నా ఆశ.

మిత్రులారా, కాళ్ల వెల బిల్లులో ఉండేది. రాత్రంతా చేలో పురుగు పట్టిన కూలి ఏ బిల్లులోనూ లేదు.