ఒడి మీద కడ్డీ: రోలర్ కోస్టర్ సీటు భద్రత కథ

తొలినాటి రోలర్ కోస్టర్ సీటుకు పట్టీ గానీ కడ్డీ గానీ లేదు. 1884లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో లమార్కస్ థాంప్సన్ ప్రారంభించిన స్విచ్‌బ్యాక్ రైల్వే గంటకు 10 కిలోమీటర్ల వేగంతో నడిచేది. జనం బల్ల మీద పక్కకు తిరిగి కూర్చుని, చుట్టుపక్కల వింతలు చూస్తూ పోయేవారు. ఆ వేగానికి చేత్తో పట్టుకుంటే సరిపోయేది. పెన్సిల్వేనియా రాష్ట్రం ఆల్టూనాలో 1902లో కట్టిన లీప్ ది డిప్స్ ఆ కాలపు పద్ధతికి నేటికీ మిగిలిన సాక్ష్యం. దాని బండ్లలో కడ్డీ లేదు, బెల్టు లేదు, తల ఆనించుకునే దిండూ లేదు.

వేగం పెరగడంతో ఈ తీరు చెల్లకుండా పోయింది. ఎత్తు మీదికి ఎక్కిన బండి పట్టాల వెంట చటుక్కున కిందికి వంగుతుంది. అందులో కూర్చున్న మనిషి శరీరం మాత్రం అంతవరకూ పోతున్న దిశలోనే పోవాలని చూస్తుంది. అందుకే సీటు నుంచి పైకి లేస్తుంది. కోస్టర్ అభిమానులు డబ్బిచ్చి కొనుక్కునే ఆనందం ఆ క్షణమే, ప్రమాదమూ అక్కడే. 1907లో కోనీ ఐలాండ్‌లో వచ్చిన డ్రాప్ ది డిప్స్‌లోనే ఒడి మీద కడ్డీ, అంటే ల్యాప్ బార్, మొదట వాడారని సాధారణంగా చెబుతారు. 1919లో కోస్టర్ రూపకర్త జాన్ మిల్లర్ పట్టాల అడుగున పట్టుకుని నడిచే చక్రానికి పేటెంట్ పొందాడు. దాంతో బండి పట్టాలను వదిలి లేచే భయం పోయింది, నిటారు దిగుడులు కట్టే ధైర్యం వచ్చింది. బండిని పట్టాలకు బిగించేశారు కాబట్టి, మనిషిని బండికి బిగించక తప్పలేదు.

1920ల కోస్టర్లలో ఈ పని చేసింది బెంచీకంతటికీ కలిపి ఒకే కడ్డీ. తిరునాళ్లలో జెయింట్ వీల్ పెట్టె ఎక్కాక ముందు అడ్డంగా వేసే ఇనుప కమ్మీ లాంటిదే అది. దాని లోపం కూర్చోగానే తెలుస్తుంది. తండ్రి, బిడ్డ పక్కపక్కన కూర్చుంటే కడ్డీ తండ్రి పొట్ట దగ్గరే ఆగిపోతుంది. బిడ్డ తొడలకూ కడ్డీకీ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. బరువును బట్టి గానీ ఆకారాన్ని బట్టి గానీ మారని ఈ కడ్డీ చాలా దశాబ్దాలు అలాగే కొనసాగింది.

బెల్టుకు మరో చిక్కు ఉంది. డిస్నీలాండ్‌లో 1959లో మొదలైన మాటర్‌హార్న్ గొట్టపు ఉక్కు పట్టాల మీద నడిచిన తొలి కోస్టర్. దానికి సీట్ బెల్టులు పెట్టారు. 1984లో అందులోంచి ఒక మహిళ పడి చనిపోయినప్పుడు ఆమె బెల్టు ఊడి ఉంది. కూర్చున్నవారు తమంతట తాము విప్పుకోగలిగే కట్టు మీదే ప్రాణం ఆధారపడకూడదన్న ఆలోచన ఇలాంటి సంఘటనల వల్లే బలపడింది.

తలకిందులయ్యే కోస్టర్ల కథ వేరు. 1895లో కోనీ ఐలాండ్‌లోని ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే సుమారు 7.6 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి లూప్‌లో జనాన్ని తిప్పింది. లూప్‌లోకి దూరగానే శరీరం మీద పడే ఒత్తిడికి మెడలు పట్టేసేవి. అక్కడ సమస్య కింద పడిపోవడం కాదు, సీటులోకి అదిమివేయబడటం. ఈ తేడా అర్థం కానంతకాలం లూప్ అనగానే భుజాలను బంధించాలనే ఆలోచనే వచ్చింది. 1975లో కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్ పార్కులో ఆరో (Arrow) సంస్థ కట్టిన కార్క్‌స్క్రూ కోస్టర్‌లో తల మీదుగా దిగి భుజాలకు ఆనే హార్నెస్ ఉంది. మరుసటి ఏడాదే అదే రాష్ట్రంలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రూపకర్తలు ఆంటన్ ష్వార్జ్‌కాఫ్, వెర్నర్ స్టెంగెల్ ఇద్దరూ రివల్యూషన్ కోస్టర్‌ను నిలబెట్టారు. దాని లూప్ గుండ్రంగా కాక, అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే క్లోథాయిడ్ ఆకారంలో ఉంది. ఒత్తిడి మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేది. శరీరం సీటులోకే అదుముకుంటుంటే భుజాల పట్టీతో పని లేదు. అందుకే దానికి ల్యాప్ బార్ మాత్రమే పెట్టారు.

అయినా ఆ తర్వాత భుజాల హార్నెస్సే రివాజైంది. చూడగానే భద్రంగా కనిపించడం దానికి కలిసొచ్చిన గుణం. కానీ పట్టాల మలుపు ఏ మాత్రం కుదుపుగా ఉన్నా, చెవులు రెండూ ఆ గట్టి మెత్తల మధ్య అటూ ఇటూ కొట్టుకునేవి. చివరికి రివల్యూషన్‌కు కూడా ఆ పట్టీలు తగిలించారు. 40 ఏళ్లు నిండిన 2016లో కొత్త బండ్లతో పాటు ల్యాప్ బార్‌ను తిరిగి తెచ్చారు. మొదటి రూపకర్తల లెక్క సరైనదేనని అది నిరూపించింది.

కడ్డీ లోపలి యంత్రమూ మారింది. పాత రాచెట్‌లో పళ్లచక్రం మీద కొక్కెం ఒక్కో పన్ను దాటుతూ టక్కుమని పడుతుంది. రెండు పళ్ల మధ్య ఆగవలసిన శరీరమైతే ఒకటి బిగుతు, ఒకటి వదులు అవుతుంది. హైడ్రాలిక్ సిలిండర్‌లో పళ్లు ఉండవు. ద్రవం ఒక దిశలోనే పారేలా కవాటం మూసుకుంటుంది, కడ్డీ తొడను తాకిన చోటే నిలిచిపోతుంది. ఒక సిలిండర్ కారిపోయినా పట్టు తప్పకుండా రెండోదాన్ని జతచేస్తారు. అమెరికాలో ప్రమాణాలు రూపొందించే ఏఎస్‌టీఎం సంస్థ ప్రమాణం శరీరం మీద పడే త్వరణాలను బట్టి సీటు కట్లను 5 తరగతులుగా విభజించింది. మొదటి తరగతికి కట్టే అక్కర్లేదు. అయిదో తరగతిలో మనిషికో కట్టు, దానికి జంట రక్షణ తప్పనిసరి.

ఇంత చేసినా శరీరాల తేడా ఒక్కోసారి లెక్కకు చిక్కదు. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలోని డేరియన్ లేక్‌లో, యుద్ధంలో రెండు కాళ్లూ కోల్పోయిన మాజీ సైనికుడు కోస్టర్ నుంచి పడి చనిపోయాడు. కడ్డీకి ఆధారం కాళ్లే. 2013లో టెక్సాస్‌లోని న్యూ టెక్సాస్ జెయింట్ నుంచి ఒక మహిళ పడి మరణించాక, ఆ కోస్టర్‌ను కొన్ని వారాలు ఆపి, కడ్డీ మెత్తలను మార్చి, సీట్ బెల్టులు చేర్చాకే తిరిగి నడిపారు. కొన్ని పార్కుల్లో క్యూ మొదట్లోనే నమూనా సీటు ఉంచుతున్నారు. అందులో కూర్చుని కడ్డీ దించి చూసుకుంటే, గంటసేపు నిలబడ్డాక వెనక్కి పంపే అవమానం ఉండదు. రెక్కల్లా బండికి రెండు వైపులా సీట్లుండే వింగ్ కోస్టర్లలో గట్టి హార్నెస్ బదులు వంగే జాకెట్ లాంటి పట్టీ వచ్చింది. 2011లో ఇటలీలోని గార్డాలాండ్‌లో తెరిచిన రాప్టర్ ఆ రకంలో మొదటిది. అందులో చెవులకు తగిలే గట్టి మెత్తలు లేవు.