బెట్టకు గురైన జొన్నలో నాము విషం: మేపే ముందు జాగ్రత్తలు

న్యాల్‌కల్ మండలంలోని నల్లరేగడి భూముల్లో జొన్నను గింజ కోసమే కాదు, చొప్ప కోసం కూడా వేస్తారు. అయితే వానలు లేక గిడసబారిన లేత జొన్నను, కోత తర్వాత కొయ్యకాళ్ల నుంచి వచ్చిన పిలకలను మేసిన పశువు కొద్ది నిమిషాల్లోనే కూలబడవచ్చు. దీన్నే రైతులు నాము విషం అంటారు.

నాము బయటి నుంచి సోకే తెగులు కాదు. పురుగుల నుంచి కాపాడుకోవడానికి జొన్న మొక్క తయారుచేసుకునే ‘ధురిన్’ అనే పదార్థమే దీనికి మూలం. ఆకు పైపొర కణాల్లో ధురిన్, లోపలి కణాల్లో దాన్ని విడగొట్టే ఎంజైము వేర్వేరుగా ఉంటాయి. పశువు నమిలినప్పుడు రెండూ కలిసి హైడ్రోసయనిక్ ఆమ్లం విడుదలవుతుంది. లేత మొక్కలో ధురిన్ ఎక్కువ. బెట్టకు పెరుగుదల ఆగితే దాని శాతం ఇంకా పెరుగుతుంది. ధురిన్‌లో నత్రజని ఉంటుంది కాబట్టి యూరియా ఎక్కువ వేసిన చేలో ముప్పు మరీ ఎక్కువ.

పూతకు వచ్చేవరకు పచ్చి జొన్న మేపకూడదు. బెట్ట తర్వాత వాన పడగానే పచ్చబడిన చేను చూసి పశువులను తోలడం అన్నిటికన్నా ప్రమాదం. అప్పుడు వచ్చే కొత్త పిలకల్లోనే విషం ఎక్కువగా ఉంటుంది. ఆకలితో ఉన్న పశువుకు ముందు ఎండు మేత పెట్టాలి. కోసిన చొప్పను పూర్తిగా ఎండబెడితే ఈ విషం చాలావరకు పోతుంది. సగం వాడిన చొప్పను నమ్మకూడదు.

నాము తగిలిన పశువు ఆయాసపడుతుంది, నోట నురగ వస్తుంది, తూలి పడిపోతుంది. మొదట్లో చిగుళ్లు, రక్తం బాగా ఎర్రగా కనిపిస్తాయి. వెంటనే మేత ఆపి 1962కు ఫోన్ చేయాలి, లేదా దగ్గరి పశువైద్యుడిని పిలవాలి. ఆయన సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్‌లను రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఈలోగా నోట్లో ఏ ద్రావణమూ బలవంతంగా పోయవద్దు. ఆయాసంలో ఉన్న పశువుకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రక్తం చాక్లెట్ రంగులో ఉంటే అది నైట్రేట్ విషం కావచ్చు. బెట్ట జొన్నలో అదీ ఉంటుంది, పైగా ఎండబెట్టినా పోదు. నాముకు ఇచ్చే నైట్రైట్ దానికి హాని చేస్తుంది. అందుకే రక్తం రంగు, పశువు ఏ చేలో మేసింది, యూరియా ఎప్పుడు వేశారన్నది డాక్టరుకు ముందే చెప్పాలి.