రోబో: వెట్టి నుంచి వైద్యం దాకా
“ప్రోస్టేటు ఆపరేషన్ రోబోయే చేస్తుందట, మరి డాక్టరుగారు ఏం చేస్తారురా?” అని మా పెదనాన్న బెంగగా అడిగారు. ‘రోబో చేసిన శస్త్రచికిత్స’ అని పత్రికలు రాస్తుంటే ఆ అనుమానం రాక మానదు. రోబో చెక్ భాష మాట. అక్కడ ‘రొబొటా’ అంటే భూస్వామికి కూలి లేకుండా చేసే పని. మన వెట్టిచాకిరి, సంస్కృతంలో విష్టి. 1920లో కారెల్ చాపెక్ ‘ఆర్.యు.ఆర్.’ నాటకం రాస్తూ, అన్న యోసెఫ్ సూచించిన ఈ మాటను చాకిరీ కోసం తయారైన కృత్రిమ మనుషులకు పెట్టాడు. ఆ మాట ఇంగ్లిషు మీదుగా మనకు చేరి, ‘మరమనిషి’ అన్న మాటను పక్కకు నెట్టి, 2010 నాటి రజనీకాంత్ సినిమాతో ఇంటింటి మాటయింది. నాటకంలో రోబోలు యజమానుల మీద తిరగబడతాయి. కానీ ఆపరేషన్ థియేటర్లో రోబోకు సొంత నిర్ణయమే లేదు. మూత్రకోశ శస్త్రచికిత్సలకు 2018లో అమెరికాలో అనుమతి పొందిన డావిన్చి ఎస్‌పీ అనే రోబోనే చూడండి. ఒక్క కోతలోంచి రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టం లోపలికి వెళ్తుంది. అందులోంచి ఒక కెమెరా, మూడు పరికరాలు బయటికొచ్చి మోచేతుల్లా వంగుతాయి. వాటిని కదిలించేవి మాత్రం కాస్త దూరంలో కూర్చున్న సర్జన్ వేళ్లే. ‘సర్జరీ’కి మూలమైన గ్రీకు మాటకు అర్థం చేతిపని. మన శస్త్రమూ చేత పట్టి వాడేదే, విసిరేది అస్త్రం. అందుకే ‘రోబో సాయంతో డాక్టరు చేసిన ఆపరేషన్’ అని రాద్దాం. నిజం చెప్పినట్టూ ఉంటుంది, రోగికి ధైర్యమూ కలుగుతుంది.