గాలిమరలో గణితము

కొండ యెక్కువానిని రెండు ప్రశ్నలు అడుగవచ్చును. నీవు నిలిచినచోట దారి యెంత నిటారుగా నున్నది? క్రిందినుండి యెంత యెత్తునకు వచ్చితివి? మొదటిది కాలికి తెలియును. రెండవది ఆయాసమునకు తెలియును. గురుత్వ క్షేత్ర తీవ్రతకును గురుత్వ పొటెన్షియల్‌కును గల భేదము ఇట్టిదే. ఆ భేదమును, దాని వెనుకనున్న కథను శ్రోతలకు మనవి చేయుదుము.

ఒకచోట ఒక కిలోగ్రామును భూమి యెంత బలముతో, ఏ దిక్కునకు లాగునో తెలుపునది తీవ్రత. నేలపై అది సుమారు 9.8 న్యూటన్లు, దిక్కు భూకేంద్రము వైపు. ఆ కిలోగ్రామును భూమ్యాకర్షణ దాటించి అనంతదూరమునకు చేర్చుటకు కావలసిన పనిని లెక్కించి, ఋణచిహ్నము పెట్టినచో వచ్చునది పొటెన్షియల్. నేలనుండి ఆ పని సుమారు 6 కోట్ల 25 లక్షల జౌళ్ళు. దీనికి దిక్కు లేదు. గాలి అడ్డును విడిచినచో, నేలనుండి విసరిన వస్తువు తిరిగి రాకుండుటకు సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగము కావలెనను లెక్క దీనినుండియే వచ్చును. భూకేంద్రమునందు అన్ని వైపుల లాగుడును సరిపోయి తీవ్రత సున్న యగును. పొటెన్షియల్ మాత్రము అచ్చటనే మిక్కిలి లోతు. రెండును ఒకటే యనుకొనువారు ఇచ్చట చిక్కుపడక తప్పదు.

న్యూటను 1687లో చెప్పినది బలమును గూర్చియే. గ్రహములోని కణకణము యొక్క లాగుడును దిక్కుతో సహా కూడుట పండితులకును తలనొప్పి. 1770ల దశకమున లగ్రాంజి ఒక ఉపాయము చూపెను: దిక్కులేని రాశి నొకదానిని ముందు కూడవలెను, అది చోటునుండి చోటునకు మారు తీరే బలమును చెప్పును. లాప్లాసు దానిని గ్రహముల యాకృతికి అన్వయించెను. కాని ఆ రాశికి తగిన పేరు లేకుండెను.

పేరు పెట్టినవాడు ఇంగ్లండులో నాటింగ్‌హామ్ చెంత స్నెయింటన్‌లో, తండ్రి గాలిమరలో పిండి విసరిన జార్జి గ్రీన్. బడిచదువు సుమారు ఏడాది! 1828లో విద్యుత్తు, అయస్కాంతత్వములపై చందాలతో అచ్చువేసిన గ్రంథమున ఆ మాట వాడెను. చందాదారులు ఏబదిమందికి పైగా నుండిరి; వారిలో ఎందరికి అర్థమైనదో మేము ఊహింపగలము. గ్రీన్ నలుబదియవ యేట కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరెను; 1841లో మరణించెను. 1845లో, పిమ్మట లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్‌కు ఆ గ్రంథము చేజిక్కెను. అప్పటికి జర్మనీలో గౌస్ అదే మాటను వాడియుండెను. గ్రీన్ గ్రంథము 1850 మొదలు ఒక జర్మన్ గణితపత్రికలో అచ్చయ్యెను. ఆ గాలిమర 1980ల దశకమున బాగుచేయబడి మరల పిండి విసరెను.