గోదావరి ఒడ్డు నాణేలు

మా ఎల్లంతకుంటోళ్లు కరీంనగర్ పోయేది ఆస్పత్రికో, కోర్టుకో. నేనైతే పని తీరంగనే పురావస్తు ప్రదర్శనశాలలోకి పోత. పెద్ద విగ్రహాల కంటే సాతవాహనుల కాలపు చిన్న నాణేలే నన్ను ఎక్కువసేపు నిలబెడ్తయి.

ఆ కాలపు ముచ్చట తేల్చింది జగిత్యాల జిల్లాలోని కోటిలింగాల. అక్కడ గోదావరి ఒడ్డున దొరికిన నాణేలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ పోగుచేసిండ్రు. శాసన పండితులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి లోకానికి చెప్పిండ్రు. గోభద, నారన, సమగోప అనే రాజుల పేర్లు అట్ల బయటపడ్డయి. సాతవాహన వంశానికి మూలపురుషుడని పురాణాలు చెప్పే శ్రీముఖుడు చిముక అనే పేరుతో నాణెం మీద కనిపించిండు. 1979 తర్వాత పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది.

అట్లనే మా దిక్కు ఇంకో పాత ఊరు ధూళికట్టలో మట్టికోట, బౌద్ధస్తూపం, ముచిలింద నాగుని చెక్కిన సున్నపురాతి ఫలకం బయటపడ్డయి. ఆంధ్రులకు 30 కోట పట్టణాలున్నయని గ్రీకు రాయబారి మెగస్తనీసు చెప్పిన మాట రోమన్ రచయిత ప్లినీ పుస్తకంలో ఉన్నది. ధూళికట్ట అందులో ఒకటి కావచ్చని చరిత్రకారుల ఊహ.

బడి పిల్లలకు సాతవాహనులంటే పైఠాన్, అమరావతి అని చదివిస్తం. వాటి పక్కన కోటిలింగాల పేరు కూడా బోర్డు మీద రాయాలె.