గంటన్నర కూలీ ఎవరిస్తారు?

పోలింగ్ రోజు సెలవనగానే గుర్తొచ్చేవి మూతపడ్డ ఆఫీసు, ఖాళీ రోడ్డు, సిరా చుక్క పెట్టిన వేలితో సెల్ఫీ. అది సర్కారు దయ తలచి ఇచ్చే సెలవనే చాలామంది అనుకుంటారు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి అనే సెక్షన్ ఒకటుందనీ, అది 1996 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిందనీ, ఈ ఆగస్టుతో దానికి ముప్ఫై ఏళ్లు నిండుతాయనీ ఎవరికీ పట్టదు. పట్టించుకునేంత ఆర్భాటమూ దానికి లేదు, ఉన్నవి నాలుగే నాలుగు చిన్న ఉపవిభాగాలు. వ్యాపారం, ఫ్యాక్టరీ, మరే సంస్థలో పనిచేస్తున్నా సరే, లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో ఓటున్నవాళ్లకు పోలింగ్ రోజు సెలవివ్వాలి. ఆ రోజు జీతం కోయకూడదు, పనికొస్తేనే కూలీ అన్న లెక్కన కుదిరినవాడికి కూడా ఆ రోజు కూలీ ఇచ్చి తీరాలి. మాట తప్పిన యజమానికి జరిమానా. పనిలో లేకపోతే ప్రమాదమో పెద్ద నష్టమో వాటిల్లే చోట మాత్రం మినహాయింపు. అందరూ మొదటిదాన్నే చెప్పుకుంటారు గానీ సెక్షన్ ప్రాణమంతా రెండోదాంట్లో ఉంది. కూలీ లేని సెలవు పేదవాడికి పస్తుతో సమానం. ఓటు రోజు పోయే కూలీని ఎవరు భరించాలన్న పేచీయే ఈ హక్కు చరిత్ర.

ఎన్నికల చరిత్ర రాసేవాళ్లంతా ముందుగా ఉత్తరమేరూరు గుడి గోడ దగ్గర ఆగుతారు. పదో శతాబ్దపు ఆ చోళ శాసనాల్లో కుండలో పేర్లు రాసిన తాటాకు చీటీలు వేసి సభ్యులను ఎంచుకున్న పద్ధతి ముచ్చటగానే ఉంటుంది. కానీ పేరు కుండలో పడాలంటే పన్ను కట్టే పొలమూ సొంత స్థలంలో ఇల్లూ ఉండాలి. పొలంలో కూలికి పోయేవాడి ప్రస్తావనే లేని చోట వాడికి సెలవు సంగతి వెతకడం వృథా. మన పేచీకి మూలం ఇంకా వెనక, ఏథెన్స్‌లో దొరుకుతుంది. అక్కడ ఓటంటే కొండమీది సభకు పోయి చెయ్యెత్తడం. జనం బజారులో కబుర్లు చెప్పుకుంటూ సభ ఎగ్గొడుతుంటే, ఎర్రరంగు పూసిన తాడు చాపి వాళ్లను సభ వైపు తోలేవారని అరిస్టోఫనీస్ తన నాటకంలో ఎగతాళి చేశాడు. తాడుతో పని జరగలేదేమో, క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దం మొదట్లో అగిరియస్ అనే నాయకుడు సభకొచ్చినవాడికి ఒక ఓబోల్ నాణెం ఇప్పించాడు. కొన్నాళ్లకే అది మూడు ఓబోళ్లయింది. పని మానుకొచ్చినవాడికి పోయిన కూలీ ఇవ్వాల్సిందేనని ఒక రాజ్యం ఒప్పుకుంది, ఖజానా నుంచి ఇచ్చింది. ఆ తర్వాత రెండు వేల ఏళ్లకు పైగా చెప్పుకోదగ్గదేమీ లేదు. ఓటు ఆస్తిపరుల చేతిలో ఉన్నంతకాలం ఓటు కోసం పని మానుకోవాల్సిన అవసరం వాళ్లకేముంది?

ఫ్యాక్టరీ కూతకు లేచి కూతకు పడుకునే మనిషి చేతికి ఓటొచ్చాకే మళ్లీ కథ మొదలైంది. బ్రిటన్ సెలవు జోలికి పోకుండా 1885లో ఒక చట్టంతో పోలింగును పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా సాగదీసి ఊరుకుంది. నేటికీ అక్కడ ఓటుకు సెలవు హక్కు లేదు, రాత్రి పది దాకా తలుపులు తెరిచి ఉంచడమే వాళ్ల ఉపాయం. అమెరికా 1845లో నవంబరు మంగళవారాన్ని ఖాయం చేసినప్పుడు తలచుకున్నది రైతును: ఆదివారం చర్చి, బుధవారం సంత, మధ్యలో బండి కట్టుకుని రావడానికి ఒక రోజు. కోతలయ్యాక రైతుకు తీరిక, షిఫ్టులో ఉన్న కార్మికుడికి మంగళవారమూ పని రోజే. అందుకే పందొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి కొన్ని రాష్ట్రాలు ఓటుకు గంటల లెక్కన సెలవిచ్చే చట్టాలు చేశాయి. మిస్సోరీ వాటిలో ఒకటి. అప్పటి ఆ చట్టం ప్రకారం పోలింగు రోజున నాలుగు గంటలు పని వదిలి వెళ్లవచ్చు, ఏ గంటలన్నది యజమాని చెప్పవచ్చు, వెళ్లినందుకు మాత్రం ఏ శిక్షా ఉండకూడదు.

ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చోవాలి. సగం శతాబ్దం పాటు ఎవరికీ పట్టని ఆ చట్టం, 1946 నవంబరు 5 మంగళవారం నాడు డే-బ్రైట్ అనే విద్యుద్దీపాల కంపెనీలో నిద్ర లేచింది. అక్కడ ఒక కార్మికుడి షిఫ్టు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా, మధ్యలో అరగంట భోజనం. కూలీ గంటకు డాలరు అరవై సెంట్లు. ఓటేయాలి, నాలుగు గంటలు కావాలన్నాడు. కంపెనీ కుదరదంది, కాకపోతే మొరటుగా కాదు. ఆ షిఫ్టు వాళ్లందరినీ మధ్యాహ్నం మూడింటికే వదిలిపెట్టింది. పోలింగు ఏడింటికి ముగుస్తుంది. మూడు నుంచి ఏడు దాకా లెక్కేస్తే నాలుగు గంటలు నిండనే నిండాయి. చట్టం అక్షరాన్ని పాటించామని కంపెనీ అనుకుంది. కూలీల లెక్క తేల్చేటప్పుడు మాత్రం మూడు నుంచి నాలుగున్నర దాకా గంటన్నర కోసేసింది. కోసింది రెండు డాలర్ల నలభై సెంట్లు. ఆ సొమ్ము కోసం కేసు రాష్ట్ర కోర్టుల మెట్లెక్కింది, కంపెనీకి జరిమానా పడింది, అక్కడితో ఆగక అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. పంతమంటే అది. తీర్పు 1952 మార్చి 3న వచ్చింది. దానికి సరిగ్గా పదకొండు రోజుల ముందు, ఫిబ్రవరి 21న, భారతదేశం తన మొదటి సాధారణ ఎన్నికలను ముగించింది. ఒక దేశంలో పదిహేడు కోట్ల పైచిలుకు మందికి ఒక్కసారే ఓటిచ్చిన రోజుల్లోనే, మరో దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒకడి గంటన్నర కూలీ తేలుస్తూ కూర్చుంది. ఏది పెద్ద పని అంటే తడుముకోకుండా జవాబు చెప్పగలమా?

మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ డగ్లస్ వాదన సాదాసీదాగా ఉంటుంది. ఓటేసినందుకు కార్మికుడికి పైసా నష్టం ఉండకూడదన్నది శాసనసభ నిర్ణయం. అది మంచిదా కాదా అని వాదించుకోవచ్చు గానీ, చట్టసభ మీద మరో చట్టసభగా కూర్చోవడం కోర్టు పని కాదు, కనీస వేతన చట్టాలు నిలిచినప్పుడు ఇదీ నిలుస్తుంది. విభేదించింది ఒక్క జస్టిస్ జాక్సన్. నూరెంబర్గ్‌లో నాజీలపై ప్రధాన ప్రాసిక్యూటరుగా నిలబడ్డ జాక్సన్ ఆయనే. ఆయన అభ్యంతరం ఇప్పటికీ పదును తగ్గలేదు. చేసిన పనికి కనీస కూలీ ఇమ్మనడం వేరు, చేయని పనికి ఇమ్మనడం వేరు అన్నాడు. కూలీ ఇస్తే ఓటింగు పెరుగుతుందని ఒప్పుకుంటూనే, రెట్టింపు ఇస్తే ఇంకా పెరుగుతుంది కదా అని దెప్పాడు. పోలింగు బూతుకు రెండొందల గజాల దూరంలో ఉండేవాడికి సొమ్ము ముడుతుంది, చెడిపోయిన రోడ్ల మీద మైళ్ల కొద్దీ ప్రయాణం చేసి వచ్చే రైతుకు ఎవరూ ఏమీ ఇవ్వరు, ఇదేం న్యాయమని అడిగాడు. ఓటు అందరి మేలు కోసమైతే దాని ఖర్చు ఒక్క యజమాని నెత్తిన ఎందుకన్నదే ఆయన ప్రశ్న. ఏథెన్సు ఖజానా ఇచ్చిన ఓబోల్‌నూ డే-బ్రైట్ కోసిన గంటన్నరనూ పక్కపక్కన పెడితే ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది.

మనకు ఈ హక్కు ఎలా వచ్చిందో చూస్తే నవ్వొస్తుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించడానికి జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది, పోలింగే వాయిదా పడింది. అప్పట్లో లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయలు. ఆ ఏడాదే వచ్చిన సవరణ చట్టం డిపాజిట్‌ను 10,000 చేసింది, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులుండాలంది, ప్రచారం గడువును పద్నాలుగు రోజులకు కుదించింది. అదే చట్టంలో ఒక మూలన, పత్రికలు పతాక శీర్షికలు పెట్టని చోట, 135బి కూడా ఉంది. పోటీ చేసే సామాన్యుడికి ద్వారం ఇరుకు చేసిన చేత్తోనే ఓటేసే సామాన్యుడికి కూలీ ఇప్పించారన్నమాట. జాక్సన్ ప్రశ్నకు మన పార్లమెంటు ఇచ్చిన జవాబు మిస్సోరీ కన్నా ఉదారం: గంటలు కాదు, రోజంతా. రోజుకూలీని మరిచిపోలేదు, అది మెచ్చుకోవాల్సిందే.

అయినా అభ్యంతరాలున్నాయి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా పోలింగుంటే రోజంతా సెలవెందుకు, ఇచ్చిన సెలవును నగరం నిద్రపోవడానికే వాడుకుంటుంది కదా అంటారు. సాక్ష్యంగా హైదరాబాద్‌ను చూపిస్తారు. నిజమే, 2024 మే 13న హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగు సగం కూడా దాటలేదు. కానీ అదే సోమవారం ఆంధ్రప్రదేశ్‌లో అది 80 శాతం దాటింది. ఆ శనివారం, ఆదివారం విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లూ బస్సులూ చూసినవాళ్లకు, నగరం సెలవు ఎక్కడికి పోయిందో వేరే చెప్పక్కర్లేదు. ఓటు ఊళ్లో ఉంది, కొలువు నగరంలో ఉంది. నియోజకవర్గం బయట పనిచేసేవాళ్లకూ ఈ సెలవు వర్తిస్తుందని ఎన్నికల సంఘం చెబుతూనే ఉంది. ఊరెళ్లి రావడానికి రెండు గంటలు సరిపోవు, ఒక రోజే చాలదు. నిద్రపోయేవాడి పేరు చెప్పి ప్రయాణం కట్టేవాడి రోజును కోయడం ఏం లెక్క? పోలింగును ఆదివారం పెడితే గొడవే ఉండదనేవాళ్లూ ఉన్నారు. ఆదివారం సెలవున్నవాళ్ల మాట అది. హోటల్లో ప్లేట్లు కడిగేవాడికీ, మాల్ ముందు నిలబడ్డ వాచ్‌మన్‌కూ ఆదివారం మరింత పని రోజు.

యజమానే ఎందుకివ్వాలన్న జాక్సన్ ప్రశ్నకు అసలు జవాబు అమెరికాలో కన్నా మన పాలమూరులో దొరుకుతుంది. వలసపోయిన కూలీకి పోలింగు రోజు కూలీ మేస్త్రీ ఇవ్వడు, సర్కారూ ఇవ్వదు. అయినా ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. ముంబైకో పుణెకో బస్సు పంపేదీ, దారి ఖర్చులు పెట్టేదీ, దిగాక బిర్యానీ పొట్లం చేతిలో పెట్టేదీ అభ్యర్థి మనుషులు. ఓటర్లను ఉచితంగా బండ్లలో తరలించడం ఇదే చట్టంలోని 123వ సెక్షన్ ప్రకారం అవినీతి చర్య, రుజువైతే ఎన్నికే రద్దు కావచ్చు. కూలీ భారం ఖజానా మోయకపోతే, యజమాని మోయకపోతే, మోసేది అభ్యర్థే. అతను ఊరికే మోయడు. ఈ మూడింటిలో యజమాని మోయడమే చవకా, శుభ్రమా అంటే అవుననే చెప్పాలి.

ఇంతవరకూ కథ వరసగానే నడిచింది. ఇప్పటి కాలానికొచ్చేసరికి దారం చిక్కుపడుతుంది. 135బి లోక్‌సభ, శాసనసభలకే. సర్పంచి ఎన్నికకు, కార్పొరేటరు ఎన్నికకు రాష్ట్రం ఇచ్చే ఉత్తర్వే దిక్కు. ప్రమాదం, పెద్ద నష్టం అన్న మినహాయింపు ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర న్యాయమే, దాన్ని ఓటు కోసం చల్లార్చలేం. అదే మాటను కాల్‌సెంటర్ మేనేజరు వాడితే కాదనేదెవరు? పోలింగు రోజు సెలవులో ఉన్న ఇంటికి బిర్యానీ మోసుకొచ్చే కుర్రాడు కంపెనీ లెక్కలో ఉద్యోగి కాడు, పార్ట్‌నర్. పార్ట్‌నర్‌కు సెలవేమిటి? కువైట్‌లో ఉన్న కడప మనిషికి ఓటు నమోదు హక్కు ఉంది గానీ, వేయాలంటే స్వయంగా వచ్చి నిలబడాలి, విమానం టికెట్ ఏ సెక్షన్ పరిధిలోకీ రాదు. వలసపోయినవాళ్లు ఉన్నచోటి నుంచే ఓటేసేలా ఎన్నికల సంఘం ఒక యంత్రం తయారుచేయించి 2023 జనవరిలో పార్టీలను పిలిచింది, ప్రతిపక్షాలు పెదవి విరిచాయి, మాట అక్కడే ఆగింది.

ఇక జరిమానా. ఓటుకెళ్లిన కూలీ జీతం కోసిన యజమానికి 135బి వేసే గరిష్ఠ దండన 500 రూపాయలు. నల్గొండలో 480 మంది అభ్యర్థుల్లో ఒక్కొక్కరు కట్టిన డిపాజిట్ కూడా మామూలుగా అంతే. లోక్‌సభ డిపాజిట్ 1996లో పది వేలైంది, 2009 సవరణతో పాతిక వేలైంది. యజమాని జరిమానా నేటికీ అదే 500.