జావా వెబ్ చట్రంలో పరిసర స్వతంత్ర సందర్భం: స్ట్రట్స్ 1.3 – చారిత్రక పరిశీలన

ప్రవేశిక:
కోనసీమలోని పి.గన్నవరం వద్ద వైనతేయ పాయపై 19వ శతాబ్ది మధ్యకాలంలో అక్విడెక్టు నిర్మించారు. కాలువ నీరు నదిలో కలవకుండా దాని మీదుగా రాజోలు వైపు సాగింది. నది ఉరవడిని భరించే పని స్తంభాలకే పరిమితమైంది. సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో ఇటువంటి విభజన ఏర్పడిన తీరును స్ట్రట్స్ చట్రం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం:
క్రెయిగ్ మెక్‌క్లానహాన్ రూపొందించిన స్ట్రట్స్ 2000లో అపాచీ సంస్థకు చేరింది. ఇందులో ప్రతి రిక్వెస్టుకు సంబంధించిన పనిని ఒక ‘యాక్షన్’ క్లాసు నిర్వహిస్తుంది. దాని ముఖ్య మెథడు సర్వ్‌లెట్ రిక్వెస్టును, రెస్పాన్సును నేరుగా స్వీకరిస్తుంది. అందువల్ల పరీక్ష రుసుమును లెక్కించే చిన్న యాక్షన్‌ను సరిచూడాలన్నా సర్వ్‌లెట్ సర్వరును గాని, దానిని అనుకరించే ఆబ్జెక్టులను గాని సిద్ధం చేయవలసి వచ్చేది. 2003 అక్టోబరులో జేఎస్ఆర్ 168 పేరిట పోర్ట్‌లెట్ ప్రమాణం వెలువడింది. పోర్టల్‌లో ఇమిడే పోర్ట్‌లెట్‌కు అందే రిక్వెస్టు వేరే రకానికి చెందినది. చేయవలసిన పని ఒకటే అయినా పరిసరం మారడంతో పాత మెథడు అక్కడ నేరుగా పనికిరాలేదు.

పరిష్కారం:
2006లో స్థిరరూపం పొందిన స్ట్రట్స్ 1.3, కామన్స్ చైన్ లైబ్రరీ సాయంతో రిక్వెస్టు నిర్వహణను చిన్న చిన్న కమాండ్ల గొలుసుగా మార్చింది. వాటి మధ్య సమాచారాన్ని మోసేది ‘యాక్షన్ కాంటెక్స్ట్’ ఇంటర్‌ఫేసు. రిక్వెస్టు, సెషన్, అప్లికేషన్ పరిధులను ఇది ‘మ్యాప్’ రూపంలోనే అందిస్తుంది. సర్వ్‌లెట్‌కు మాత్రమే చెందిన వివరాలు ‘సర్వ్‌లెట్ యాక్షన్ కాంటెక్స్ట్’ అనే ప్రత్యేక క్లాసులో ఉంటాయి. కమాండ్లలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. ‘అబ్‌స్ట్రాక్ట్ ఎగ్జిక్యూట్ యాక్షన్’ సాధారణ క్రమాన్ని నిర్దేశిస్తే, యాక్షన్‌ను పిలిచే అడుగును సర్వ్‌లెట్ ప్యాకేజీలోని ఉపక్లాసు పూరిస్తుంది.

పరిమితులు:
ఈ స్వాతంత్ర్యం పూర్తిగా అప్లికేషన్ వరకు చేరలేదు. అప్పటికే రాసిన యాక్షన్లు సర్వ్‌లెట్ రకాలనే స్వీకరిస్తూ వచ్చాయి. ‘యాక్షన్ కమాండ్’ పద్ధతిని ఎంచుకొన్నవారికే సందర్భం నేరుగా అందింది. మ్యాప్‌లో వెతికే పేరును తప్పుగా రాస్తే కంపైలర్ దానిని పట్టుకోలేదు. ఆ పొరపాటు ప్రోగ్రాము నడిచేటప్పుడే బయటపడుతుంది. స్ట్రట్స్ 1కు మద్దతు 2013లో ముగిసింది.

ముగింపు:
పరిసరం లేని ప్రోగ్రాము ఉండదు. పరిసరంపై ఆధారపడే భాగాన్ని గుర్తించి, ఒకచోట నిలపడమే స్ట్రట్స్ 1.3 సాధించిన మేలు. ఆ హద్దును ఆరేళ్ల తరువాత గీయడం వల్ల పాత యాక్షన్లకు ఆ మేలు దక్కలేదు. స్తంభాలు ఎక్కడ నిలవాలో కాలువ తవ్వకముందే నిర్ణయించాలన్నది ఈ చరిత్ర చెప్పే పాఠం.